చుక్క కదలడం లేదు, ఏం చేయాలి? ఇడిటరాడ్ మంచుదారి సైకిల్ రేసును ఇంటి నుంచి గమనించేవారి కోసం తరచుగా అడిగే ప్రశ్నలు

మా వారు అలాస్కాలో జరిగే ఇడిటరాడ్ ట్రైల్ ఇన్విటేషనల్ రేసులో రెండుసార్లు పాల్గొన్నారు. మొదటిసారి దారి మధ్యలో పుంటిల్లా సరస్సు దగ్గర విరమించుకున్నారు, రెండోసారి రేసు ముగిసే మెక్‌గ్రాత్ గ్రామం చేరారు. రెండుసార్లూ నేను ఇంట్లో తెర ముందు కూర్చుని, రేసు మ్యాప్ మీద ఆయన ఉన్న చోటును చూపించే చుక్కనే చూస్తూ ఉన్నాను. అప్పటి నుంచి, తమ మనిషిని ఆ దారికి పంపబోతున్న భార్యలు, భర్తలు, అక్కచెల్లెళ్లు నన్ను అడిగిన ప్రశ్నలకు, నాకు నేను వేసుకున్న మరికొన్ని ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ఈ రేసు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది?

సాధారణంగా ఫిబ్రవరి నెలాఖరులో ఒక ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు, వసిల్లా పట్టణానికి దగ్గరలో ఉన్న నిక్ సరస్సు ఒడ్డున ఇది మొదలవుతుంది. కుక్కల బండ్ల పందెం వల్ల పేరు పడిన ఇడిటరాడ్ చారిత్రక మార్గమే దీనికీ దారి. 350 మైళ్ల రేసు మెక్‌గ్రాత్ గ్రామంలో ముగుస్తుంది, 1000 మైళ్ల రేసు బేరింగ్ సముద్ర తీరాన ఉన్న నోమ్ దాకా సాగుతుంది. పాల్గొనేవారు సైకిల్ మీదైనా, స్కీల మీదైనా, కాలినడకనైనా వెళ్లవచ్చు. ఈ పేరుతో రేసు 2002 నుంచి జరుగుతోంది కానీ, ఆ దారిలో శీతాకాలపు సైకిల్ పందేలు 1980ల చివర్లోనే మొదలయ్యాయి. 350 మైళ్లకు పది రోజులు, 1000 మైళ్లకు ముప్పై రోజులు గడువు ఉంటుంది. దారి పొడవునా గుర్తులు పాతి ఉంచేవారు గానీ, వెనకాల సహాయ వాహనాలు గానీ ఉండరు, ఉండవు. మెక్‌గ్రాత్‌కైనా నోమ్‌కైనా బయటి ప్రపంచంతో కలిపే రోడ్డు లేదు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే కింద రాసినవి చాలావరకు సులువుగా అర్థమవుతాయి.

తెర మీద కనిపించే చుక్క ఎలా పనిచేస్తుంది?

సైకిల్ హ్యాండిల్‌కో, సంచి పైభాగానికో కట్టిన చిన్న పరికరం తానున్న చోటును జీపీఎస్ ద్వారా తెలుసుకుని, కొన్ని నిమిషాలకు ఒకసారి ఆ వివరాన్ని ఉపగ్రహానికి పంపుతుంది. అక్కడి నుంచి అది రేసు మ్యాప్‌కు చేరుతుంది. కాబట్టి మీరు చూస్తున్నది మీ మనిషి ఇప్పుడున్న చోటు కాదు, చివరిసారి కబురు అందినప్పుడు ఉన్న చోటు. చుక్క పక్కన ఆ కబురు ఎప్పుడు అందిందో రాసి ఉంటుంది. చుక్క ఎక్కడుందో చూసే ముందు ఆ సమయాన్ని చూడటం అలవాటు చేసుకోండి. నా మొదటి రేసులో రెండు రోజుల పాటు నేను ఆ అంకెను గమనించనే లేదు. నాలుగు గంటల నాటి చుక్కను చూస్తూ ఆయన ఇంకా అక్కడే ఉన్నారని బాధపడ్డాను.

చుక్క మీ మనిషి ఎక్కడున్నాడో చెబుతుంది, ఎలా ఉన్నాడో చెప్పదు. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లనే ఇంట్లో ఉన్నవాళ్లకు సగం కష్టం వస్తుంది.

చుక్క గంటల తరబడి కదలడం లేదు. ప్రమాదం జరిగిందని అనుకోవాలా?

అందరూ మొదట అడిగే ప్రశ్న ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. చుక్క ఆగిపోవడానికి రెండు వేర్వేరు రూపాలు ఉంటాయి. మొదటిది, కబుర్లు వేళకు అందుతూనే ఉన్నా చోటు మాత్రం మారకపోవడం. అంటే పరికరం బాగానే పనిచేస్తోంది, మనిషి ఆగాడు. నిద్రపోతూ ఉండవచ్చు, మంచు కరిగించి నీళ్లు చేసుకుంటూ ఉండవచ్చు, తడిసిన సాక్సులు ఆరబెట్టుకుంటూ ఉండవచ్చు, గాలి తగ్గేదాకా వేచి ఉండవచ్చు. మైనస్ ముప్పైలో ఒక లీటరు నీళ్లకు సరిపడా మంచు కరిగించడం చిన్న పని కాదు. రెండోది, అసలు కబురే రాకపోవడం. అప్పుడు ముందుగా అనుమానించవలసింది పరికరాన్ని. ఆకాశం కనిపించని చోట, అంటే క్యాబిన్ కప్పు కింద, ఇరుకైన లోయలో, సంచి అడుగున ఉన్నప్పుడు ఉపగ్రహానికి కబురు అందదు. మామూలు ఆల్కలైన్ బ్యాటరీలు ఆ చలికి చతికిలపడతాయి. లిథియం బ్యాటరీలు మైనస్ నలభై దాకా నిలబడతాయి కానీ అవి కూడా ఎప్పుడో ఒకప్పుడు అయిపోతాయి, చేతి తొడుగు తీయడానికే వెనకాడే చలిలో వాటిని మార్చడం వాయిదా పడుతుంది.

మా వారి రెండో రేసులో, కొండల అవతల ఉన్న రోన్ అనే మజిలీ దాటాక ఏడు గంటల పాటు కబురు లేదు. నేను వంటగదిలో నిలబడి, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా గమనించకుండా, ఫోన్‌ను పదే పదే తాజా పరుస్తూ ఉండిపోయాను. తర్వాత తెలిసింది ఏమిటంటే, పట్టీ జారి పరికరం హ్యాండిల్ తొడుగు లోపలికి పోయింది, రేకు లాంటి పూత ఉన్న ఆ తొడుగు లోపల దానికి ఆకాశం కనిపించలేదు. ఆ ఏడు గంటలూ ఆయన మంచి దారి మీద, మంచి ఉత్సాహంతో తొక్కుతూనే ఉన్నారట.

అలాగని ఎప్పుడూ పట్టించుకోకూడదని నా ఉద్దేశం కాదు. అడుగు ముందుకు పడనివ్వని గాలి, బాగా తక్కువ ఉష్ణోగ్రత, ఆశ్రయం లేని చోట చుక్క కదలకపోవడం, ఈ మూడూ ఒకేసారి కలిస్తే రేసు నిర్వాహకులకు తెలియజేయడం తప్పు కాదు. ఎన్ని గంటల తర్వాత తెలియజేయాలన్నది ఆ రాత్రి భయంలో తేల్చుకునే విషయం కాదు. రేసుకు ముందే మీ ఇద్దరూ కూర్చుని నిర్ణయించుకుని కాగితం మీద రాసుకోవాలి. మేము రాసుకున్నది ఇది: చుక్క ఒకే చోట ఉంటే పన్నెండు గంటలు, కబురే లేకపోతే ఇరవై నాలుగు గంటలు. ఇవి మా అంకెలు, మీ మనిషి అలవాట్లను బట్టి మీ అంకెలు వేరుగా ఉండవచ్చు.

చుక్క దారి తప్పి పక్కకు వెళ్లినట్టు కనిపిస్తోంది. ఎందుకు?

మ్యాప్‌లో గీసిన గీత గతంలో ఎప్పుడో నమోదైన దారి. యెంట్నా, స్క్వెంట్నా, కస్కోక్విమ్ నదుల మీద స్నోమెషీన్లు, అంటే మంచు మీద నడిచే మోటారు బండ్లు, ఏటా కొత్త జాడ వేస్తాయి. మంచుగడ్డ పలచబడిన చోటు వదిలి ఇటో అటో తిరుగుతాయి. కాబట్టి చుక్క గీతకు అరమైలు దూరంలో ఉన్నా తప్పేమీ లేదు. అదీ కాక, రెండు కబుర్ల మధ్య మ్యాప్ నేరుగా గీత గీస్తుంది కాబట్టి మనిషి కొండను చీల్చుకుని వెళ్లినట్టు కనిపిస్తుంది. ఆగిన చుక్క చుట్టుపక్కల గంతులు వేస్తూ ఉంటే అది జీపీఎస్ పొరపాటు మాత్రమే. ఒకవేళ చుక్క గంటకు వంద మైళ్ల వేగంతో కొండలు దాటుతూ కనిపిస్తే మాత్రం మీ మనిషి చిన్న విమానంలో కూర్చున్నాడని, రేసు విరమించుకున్నాడని అర్థం.

గంటకు రెండు మూడు మైళ్లేనా? సైకిల్ మీదే కదా ఉన్నది?

ఆ వేగం కనిపిస్తే సైకిల్ తొక్కడం లేదు, తోస్తున్నారు. ఈ రేసులో వాడే ఫ్యాట్ బైక్ టైర్లు నాలుగైదు అంగుళాల వెడల్పు ఉంటాయి. వాటిలో గాలిని బాగా తగ్గించి, చేత్తో నొక్కితే లోపలికి పోయేంత మెత్తగా చేసి మెత్తటి మంచు మీద తేలేలా నడుపుతారు. అయినా కొత్తగా మంచు కురిస్తే టైరు దిగబడుతుంది, సామాన్లతో బరువెక్కిన ఆ సైకిల్‌ను మోకాలి లోతు మంచులో గంటల తరబడి తోయవలసిందే. చలి మరీ ఎక్కువైనా ఇబ్బందే. మైనస్ ముప్పై దిగువన మంచు రేణువులు టైరు కింద కరగకుండా ఇసుకలా గరగరమంటూ బండిని వెనక్కు లాగుతాయి. మొదట్లో నేను చలిగా ఉందంటే భయపడేదాన్ని, వెచ్చగా ఉందంటే సంతోషించేదాన్ని. మా వారి అభిప్రాయం దానికి పూర్తిగా తలకిందులు. సున్నా సెల్సియస్ దగ్గర దారి జావలా అవుతుంది, బట్టలు తడుస్తాయి, ఆ తడి రాత్రికి గడ్డకడుతుంది. మైనస్ పదిహేను, గట్టిపడిన దారి, నిశ్చలమైన గాలి ఉంటే వాళ్లకు పండుగ.

దారి బాగున్న ఏడాది ముందు వరుసలో ఉన్నవాళ్లు మెక్‌గ్రాత్‌ను రెండు రోజుల లోపే చేరిన సందర్భాలు ఉన్నాయి. 2014లో జెఫ్ ఓట్లీ నోమ్‌కు పది రోజులకు కాస్త మించిన సమయంలో చేరారు. అదే దారి మంచు దట్టంగా పడిన మరో ఏడాది వారం పైగా తీసుకుంటుంది. కాబట్టి ఒక ఏడాది సమయాలను పక్కన పెట్టుకుని మీ మనిషి వెనకబడ్డాడని లెక్క వేయకండి.

దారిలో ఏ భాగాల మీద ఎక్కువ కన్ను వేయాలి?

మొదటి 165 మైళ్లు, అంటే పుంటిల్లా వరకు, నదుల మీదుగా, అడవుల గుండా సాగే దారిలో యెంట్నా, స్క్వెంట్నా, ఫింగర్ లేక్ దగ్గర లాడ్జిలు ఉన్నాయి, వేడి భోజనం దొరుకుతుంది. అసలు రేసు పుంటిల్లా తర్వాత మొదలవుతుందని నా అభిప్రాయం. అక్కడి నుంచి చెట్లు లేని బయలు మీదుగా, సుమారు 3,200 అడుగుల ఎత్తున ఉన్న రెయినీ పాస్ కనుమ దాటి, డాల్జెల్ ఇరుకు లోయలోకి దిగి రోన్ చేరాలి. కనుమ మీద గాలి వీస్తే జాడ నిమిషాల్లో పూడిపోతుంది. లోయలో వాగు మీద మంచు విరిగి నీళ్లు కనిపిస్తూ ఉంటాయి. రోన్ ఊరు కాదు, అక్కడ జనాభా లేదు, రేసు రోజుల్లో పొయ్యి పెట్టిన ఒక గుడారం ఉంటుంది.

రోన్ నుంచి నికొలాయ్ దాకా 75 మైళ్లకు పైగా ఒక్క లాడ్జి కూడా లేదు. ఫేర్‌వెల్ బర్న్ అనే, 1970లలో కార్చిచ్చుకు కాలిపోయిన ప్రాంతం ఈ మధ్యలోనే వస్తుంది. కొన్నేళ్లు అక్కడ మంచే ఉండదు, మట్టి, గడ్డి దుబ్బులు, గాజులాంటి నున్నటి మంచుగడ్డ మాత్రమే ఉంటాయి. ఈ భాగంలోనే అందరూ బయట పడుకుంటారు, చుక్క ఆగడమూ ఎక్కువే. నికొలాయ్ చేరితే స్థానిక అథబాస్కన్ ప్రజల ఊరు, వెచ్చటి గది, మనుషుల మాట. అక్కడి నుంచి మెక్‌గ్రాత్ సుమారు యాభై మైళ్లు.

ఇంకొక మాట. అక్కడివాళ్లు ఓవర్‌ఫ్లో అనేది అన్నింటికంటే ప్రమాదకరం. నది మీది మంచుగడ్డ బరువుకు పగిలో, అడుగున నీటి ఒత్తిడి పెరిగో, నీళ్లు పైకి వచ్చి మంచు పొర కింద నిలుస్తాయి. పైకి తెల్లగా గట్టిగా కనిపిస్తుంది, కాలు పెడితే పిక్కల దాకా నీళ్లు. మైనస్ ఇరవైలో బూటు తడిస్తే వెంటనే ఆగి మంట వేసుకోవలసిందే. చుక్క ఏ ఆశ్రయమూ లేని నది ఒడ్డున అకస్మాత్తుగా రెండు గంటలు ఆగితే చాలాసార్లు కారణం ఇదే అయి ఉంటుంది.

జంతువుల భయం ఉందా?

తోడేళ్ల గురించి బంధువులు అడుగుతారు గానీ, రేసర్లు జాగ్రత్త పడేది మూస్ అనే భారీ దుప్పుల గురించి. లోతైన మంచులో నడవలేక అవి గట్టిపడిన జాడ మీదికి వచ్చి నిలబడతాయి, తొలగవు. రేసరే ఆగి, దానికి దారి ఇవ్వాలి.

అక్కడి వాతావరణం నేను ఎలా తెలుసుకోవాలి?

అమెరికా జాతీయ వాతావరణ సేవ ఇచ్చే ప్రాంతీయ సూచనలు చూడండి. వాటికంటే నాకు ఎక్కువగా ఉపయోగపడినవి ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ పైలట్ల కోసం పెట్టిన వాతావరణ కెమెరాలు. పుంటిల్లాలో, రెయినీ పాస్‌లో ఉన్న కెమెరాలు కొన్ని నిమిషాలకు ఒక ఫొటో ఇస్తాయి. ఆయన కనుమ దాటిన ఉదయం ఆ ఫొటోలో నీలి ఆకాశం, కొండ నీడ స్పష్టంగా కనిపించాయి. ఏ సూచన చదివినా అంత ధైర్యం రాలేదు.

అంకెలు చదివేటప్పుడు గాలిని కలిపి చదవండి. సున్నా ఫారెన్‌హీట్, అంటే సుమారు మైనస్ 18 సెల్సియస్ ఉన్నప్పుడు గంటకు 15 మైళ్ల గాలి వీస్తే ఒంటికి అది మైనస్ 19 ఫారెన్‌హీట్‌గా తగులుతుంది, కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టవచ్చు. మరొకటి, గాలి లేని రాత్రుల్లో బరువైన చల్లగాలి నది లోయల్లోకి దిగి నిలుస్తుంది కాబట్టి, కొండ మీదికంటే కస్కోక్విమ్ లోయలోనే చలి ఎక్కువగా ఉంటుంది.

నేను సందేశాలు పంపవచ్చా?

రెండువైపులా సందేశాలు పంపగల పరికరం ఉంటే పంపవచ్చు. కానీ ఈ రేసు ప్రాణం స్వయంశక్తి మీద సాగడంలో ఉంది. వెనకవాడు ఎంత దూరంలో ఉన్నాడు, ముందు దారి ఎలా ఉంది వంటి సమాచారం ఇవ్వడం ఆ స్ఫూర్తికి విరుద్ధం, నియమావళి ఏమంటుందో మీ మనిషితో కలిసి ముందే చదవండి. జవాబు అవసరమయ్యే ప్రశ్నలు అసలు పంపకండి. జవాబు ఇవ్వాలంటే తొడుగు తీయాలి, తొడుగు తీసిన వేళ్లు మళ్లీ వెచ్చబడటానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఇంట్లో నీళ్ల పైపు పగిలిందనో, బిడ్డకు జ్వరమనో రాయకూడదు, ఆయన అక్కడి నుంచి చేయగలిగింది ఏమీ ఉండదు. నేను రోజుకు ఒక్క వాక్యం పంపేదాన్ని.

అత్యవసర మీట నొక్కితే ఏం జరుగుతుంది?

ఆ పిలుపు ముందుగా పరికరం కంపెనీకి అనుసంధానమైన అత్యవసర కేంద్రానికి వెళ్తుంది. వాళ్లు అలాస్కాలోని అధికారులకు తెలియజేస్తారు, అదే సమయంలో నమోదైన ఫోన్ నంబర్లకు, అంటే మీకు, ఫోన్ చేస్తారు. మీకు తెలియని నంబరు నుంచి అర్ధరాత్రి వచ్చే ఆ పిలుపును మీరు ఎత్తాలి. మీ మనిషి వేసుకున్న కోటు రంగు, గుడారం ఉందా లేదా, వాడే మందులు, అలెర్జీలు ఒక కాగితం మీద ఫోన్ పక్కనే ఉంచుకోండి. మీట నొక్కగానే హెలికాప్టర్ దిగదని కూడా తెలుసుకోండి. వాతావరణం బాగా లేకపోతే సహాయం చేరడానికి ఒక రోజు దాటవచ్చు. అందుకే ఆ దారిలో వెళ్లేవాళ్లు ఒక రోజంతా తమను తాము కాపాడుకోగల సామగ్రితో వెళ్తారు.

బయలుదేరే ముందు నేను చేయగల సాయం ఏమైనా ఉందా?

ఉంది, అది డ్రాప్ బ్యాగులు సర్దడం. 350 మైళ్ల దారిలో ముందుగా నిర్ణయించిన చోట్లకు చిన్న విమానాల్లో ఈ సంచులు చేరుతాయి. నోమ్ వెళ్లేవాళ్లు మెక్‌గ్రాత్ తర్వాతి ఊళ్ల పోస్టాఫీసులకు తమ పెట్టెలను తామే పంపుకుంటారు. మొదటి ఏడాది మేము చాక్లెట్ బార్లు అలాగే వేశాం, అవి రాయిలా గట్టిపడి ఆయన పన్ను ఒకటి విరిగింది. రెండో ఏడాది నేను ప్రతి బారునూ, వెన్ననూ, చీజ్‌నూ గోరంత ముక్కలుగా కోసి, తొడుగు తీయకుండా పట్టుకోగలిగే వెడల్పు మూతి సంచుల్లో పోశాను. రోన్‌కు వెళ్లే సంచిలో ఒక చీటీ కూడా పెట్టాను. పెన్సిల్‌తో రాశాను, ఎందుకంటే తడి తగిలితే సిరా అలికిపోతుంది. ఆ చీటీ ఇప్పటికీ ఆయన పర్సులో ఉంది.

సమయం విషయంలో గుర్తుంచుకోవలసింది ఏమిటి?

అలాస్కా శీతాకాలంలో గ్రీనిచ్ సమయానికి తొమ్మిది గంటలు వెనక ఉంటుంది. మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున గడియారాలను గంట ముందుకు జరుపుతారు, తేడా ఎనిమిది గంటలు అవుతుంది. నోమ్ రేసు చూసేవాళ్లు ఆ రోజు ఒక గంట ఎక్కడ పోయిందా అని కంగారు పడుతుంటారు. పగటి వెలుగు రేసు మొదట్లో సుమారు పది గంటలు, రోజుకు దాదాపు ఆరు నిమిషాల చొప్పున పెరుగుతుంది. చుక్క చీకట్లో కదులుతోందో వెలుగులో కదులుతోందో తెలిస్తే దాని వేగం అర్థమవుతుంది.

ముగింపు దగ్గరికి నేను వెళ్లి ఎదురుచూడవచ్చా?

నిక్ సరస్సు దగ్గరికి వెళ్లి సాగనంపండి, దానికి మించిన సంతోషం లేదు. మెక్‌గ్రాత్‌కు మాత్రం యాంకరేజ్ నుంచి చిన్న విమానంలోనే వెళ్లాలి, బస దొరకడం కష్టం, మీ మనిషి మూడో రోజు వస్తాడో తొమ్మిదో రోజు వస్తాడో ఎవరూ చెప్పలేరు. నా సలహా, యాంకరేజ్‌లో ఉండండి. అక్కడైతే మీరు నిద్రపోగలరు, విమానం దిగినప్పుడు ఎదురుగా నిలబడగలరు.

పిల్లలకు, అత్తమామలకు ఏం చెప్పాలి?

పిల్లలకు గోడ మీద మ్యాప్ పెట్టి, రోజుకు ఒకే ఒక్కసారి, స్కూలు నుంచి వచ్చాక, గుండుసూదిని జరపమని చెప్పండి. మా అమ్మాయి ఆ సూదికి ఎర్ర ఉన్ని ముక్క చుట్టింది, నాన్నకు చలి వేయకూడదని. పెద్దవాళ్లకు మ్యాప్ చిరునామా ఇవ్వకపోవడమే మంచిదని అనుభవం మీద చెబుతున్నాను. మా అత్తయ్యగారు మొదటిసారి రాత్రంతా మేలుకుని చూసి గంటకోసారి నాకు ఫోన్ చేశారు. రెండోసారి ఉదయం, సాయంత్రం నేనే ఫోన్ చేసి చెప్పాను, ఇద్దరికీ మేలు జరిగింది.

మధ్యలో విరమించుకుంటే ఎలా మాట్లాడాలి?

తక్కువ మాట్లాడాలి. పుంటిల్లా నుంచి మా వారు ఫోన్ చేసి, కాలి వేళ్లు మొద్దుబారాయని, ఇక వెళ్లడం లేదని చెప్పినప్పుడు, నేను ఆనందంతో ‘పోనీలెండి, హాయిగా వచ్చేయండి’ అన్నాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నాకు ఊరట కలిగిన అదే మాట ఆయనకు రెండేళ్ల సాధన పోయినట్టు వినిపించింది. ఇప్పుడైతే వేళ్లు ఏ రంగులో ఉన్నాయని మాత్రమే అడుగుతాను.

ఇంటికి వచ్చాక ఏం ఆశించాలి?

మెక్‌గ్రాత్ నుంచి వచ్చిన మొదటి ఫోన్‌లో ఆయన గొంతు నేను గుర్తుపట్టలేదు, పెదవులు పగిలి వాచి మాటలు ముద్దగా వచ్చాయి. కాళ్లు, ముఖం వాస్తాయి. రోజుకు ఐదుసార్లు తింటారు, అర్ధరాత్రి లేచి సైకిల్ ఎక్కడుందని వెతుకుతారు. హ్యాండిల్ మీద బరువు మోపడం వల్ల వేలికొసలు వారాల పాటు తిమ్మిరిగా ఉండవచ్చు, మా వారు నెల రోజులు చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయారు. చర్మం తెల్లగా మైనంలా ఉన్నా, బొబ్బలు లేచినా అది మంచుకాటు, రుద్దకూడదు, వేడినీళ్లు పోయకూడదు, వెంటనే వైద్యులకు చూపించాలి. రెండో వారం నుంచి ఒక దిగులు ఆవరిస్తుంది. అది మీ మీద అలక కాదు, దాని గురించి ఆయన తనంతట తాను మాట్లాడేదాకా ఆగండి.

వచ్చే ఏడాది నోమ్ దాకా వెళ్తానంటే?

350 మైళ్ల రేసు పూర్తి చేసినవాళ్లకే 1000 మైళ్లకు అవకాశం ఉంటుంది, కాబట్టి ఈ ప్రశ్న మెక్‌గ్రాత్ చేరిన ప్రతి ఇంటికీ వస్తుంది. మా ఇంటికీ వచ్చింది. సరి సంవత్సరాల్లో దారి రూబీ, గలీనా మీదుగా, బేసి సంవత్సరాల్లో ఇడిటరాడ్ అనే పాత ఊరి మీదుగా వెళ్తుంది. ఆ తర్వాత ఉనలక్లీట్ దగ్గర తీరం చేరి, షాక్టూలిక్ నుంచి కోయుక్ దాకా గడ్డకట్టిన నార్టన్ అఖాతం మీదుగా సాగుతుంది. మా పాత కాగితం తీసి, పన్నెండు గంటలు, ఇరవై నాలుగు గంటలు అన్న వరుసల కింద ‘సముద్రం మీద’ అని కొత్త వరుస ఒకటి రాసుకున్నాం. దాని ఎదుట ఎన్ని గంటలు వేయాలన్నది ఇంకా తేల్చుకోలేదు, కాగితం ఫ్రిజ్ తలుపు మీదే ఉంది.